అణుగుళికలు, రంధ్ర పదార్థాలు

తన లోపల కొంత చోటు ఖాళీగా నిలుపుకొని, ఆ చోటుకు సరిపడే మరో అణువును ఎంచి పట్టుకునే పెద్ద అణువును అణుగుళిక అంటారు. పట్టుకునేది ఆతిథేయి, లోపలికి చేరేది అతిథి. రెండింటి మధ్య మామూలు రసాయన బంధం ఏర్పడదు. హైడ్రోజన్ బంధాలు, విద్యుదావేశాల ఆకర్షణ, వాన్ డర్ వాల్స్ బలాలు, నీటికి పొసగని భాగాలు నీటిని తప్పించుకుని ఒకచోట చేరడం వంటి చిన్న చిన్న బలాలే కలిసి పని నడిపిస్తాయి. కాబట్టి అతిథి వచ్చినట్టే తిరిగి వెళ్లగలదు. ఇలాంటి గుళికలు స్ఫటికంలో పేరుకుని, లోపలి ఖాళీలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటే అది రంధ్ర పదార్థం అవుతుంది. గుళిక ఒక్క అణువుకు సంబంధించిన సంగతి, రంధ్రం మొత్తం ఘనపదార్థానికి సంబంధించిన సంగతి. సూపర్‌మాలిక్యులర్ రసాయనశాస్త్రం రెండింటినీ కలిపే చదువుతుంది.

ఈ పదార్థాల గురించి చెప్పేటప్పుడు తాళం, తాళంచెవి బొమ్మ గీసి ఊరుకోవడం మామూలు. ఆ బొమ్మలో నీరు కనిపించదు. రక్తంలోనైనా, పొగగొట్టంలోనైనా, బావిలోనైనా అతిథి ఒంటరిగా దొరకదు, ఆతిథేయి లోపల నిజంగా ఖాళీ ఉండదు. ఇద్దరి చుట్టూ ముందే నీటి అణువులు చేరి ఉంటాయి. గుళికల రూపకల్పనలో గెలుపోటములు ఎక్కువగా తేలేది ఆ నీటిని ఎవరు, ఎంత సులువుగా తప్పించగలరన్న దగ్గరే.

చెల్పూర్ పొగ

జయశంకర్ భూపాలపల్లి జిల్లా గణపురం మండలం చెల్పూర్‌లో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 500 మెగావాట్ల మొదటి దశ 2010లో, 600 మెగావాట్ల రెండో దశ 2016లో ఉత్పత్తికి వచ్చాయి. మండేది సింగరేణి బొగ్గు. రంధ్ర పదార్థాలు ఇక్కడ మూడు చోట్ల ఎదురవుతాయి.

మొదటిది బొగ్గే. బొగ్గు లోపల కంటికి కనపడని సూక్ష్మరంధ్రాలు కోకొల్లలు. వాటి గోడలకు మీథేన్ అణువులు అంటుకుని ఉంటాయి. భూగర్భ గనుల్లో పొర తవ్వినకొద్దీ పీడనం తగ్గి ఆ వాయువు బయటికొస్తుంది. గని దిగేముందు గ్యాస్ పరీక్ష తప్పనిసరి కావడానికి కారణం ఇదే. అయితే బొగ్గు రంధ్రాలు రకరకాల కొలతల్లో, ఒక పద్ధతి లేకుండా ఉంటాయి. మీథేన్‌ను పట్టినట్టే కార్బన్ డయాక్సైడ్‌నూ, తేమనూ పట్టుకుంటాయి.

రెండోది పొగ. బొగ్గు కేంద్రం పొగలో దాదాపు నాలుగింట మూడొంతులు నైట్రోజన్, 12 నుంచి 15 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగిలింది నీటి ఆవిరి, వాడకుండా మిగిలిన ఆక్సిజన్, కొద్దిగా సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇందులోంచి కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రమే ఏరుకోవాలి. కార్బన్ డయాక్సైడ్ గతిక వ్యాసం 3.3 ఆంగ్‌స్ట్రామ్‌లు, నైట్రోజన్‌ది 3.64. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. అందులో మూడో వంతు తేడాను ఆధారం చేసుకుని జల్లెడ పట్టాలంటే రంధ్రం కొలత ఎంత కచ్చితంగా ఉండాలో ఊహించుకోవచ్చు. అదృష్టవశాత్తూ కొలత ఒక్కటే కాదు, ఇంకో ఆనవాలూ ఉంది. కార్బన్ డయాక్సైడ్ సరళరేఖలా ఉండే అణువు. మధ్య కార్బన్‌పై కొంచెం ధనావేశం, రెండు కొసల ఆక్సిజన్‌లపై కొంచెం రుణావేశం. ఈ అమరికను చతుర్ధ్రువం అంటారు. నైట్రోజన్‌కూ చతుర్ధ్రువం ఉంది కానీ అది మూడో వంతు బలానిదే. రంధ్రం గోడపై ఆవేశాలు సరైన చోట అమరితే కార్బన్ డయాక్సైడ్ అక్కడ ఎక్కువసేపు నిలుస్తుంది. చిక్కేమిటంటే నీటి అణువు ఇంకా చిన్నది, దాని ధ్రువత ఇంకా బలమైనది. కార్బన్ డయాక్సైడ్‌కు ఇష్టమయ్యే ఏ గోడైనా సాధారణంగా నీటికి మరింత ఇష్టమవుతుంది.

మూడోది బూడిద. దాని సంగతి మున్ముందు వస్తుంది.

రంధ్రాలున్న ప్రతిదీ ఎంపిక చేయదని చెప్పడానికి ఈ ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. పక్కనే ములుగు జిల్లా పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీటిపై తేలుతాయి. మట్టిలో ఊక వంటివి కలిపి కాల్చడం వల్ల ఆ తేలికదనం వచ్చిందన్న అభిప్రాయం ఉంది. ఆ ఇటుకలోని రంధ్రాలు అణువుల కొలతతో చూస్తే బ్రహ్మాండమైనవి. బరువు తగ్గించడం వాటి పని, దాన్ని ఎనిమిది వందల ఏళ్లుగా చేస్తున్నాయి. ఏ అణువునూ అవి గుర్తుపట్టవు. గుర్తింపు రావాలంటే రంధ్రం కొలత అతిథి కొలతకు దిగాలి, గోడపై ఏ పరమాణువు ఎక్కడ ఉందో లెక్క ఉండాలి.

తొలి ఆతిథేయులు

హంఫ్రీ డేవీ 1811లో చల్లటి క్లోరిన్ నీటి నుంచి వచ్చే స్ఫటికంలో నీరు కూడా ఉందని గమనించాడు. 1823లో మైకేల్ ఫారడే దాని సంఘటనం లెక్కకట్టాడు. నీటి అణువులు పంజరాలుగా అల్లుకుని లోపల క్లోరిన్‌ను మూసిపెట్టాయన్న సంగతి అప్పట్లో తెలిసే వీలు లేదు. హైడ్రోక్వినోన్ స్ఫటికాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఇరుక్కుంటుందని వోలర్ 1849లో చూశాడు. దాని నిర్మాణాన్ని ఎక్స్‌రేలతో విప్పి, ఇలాంటి పంజర సమ్మేళనాలకు క్లాత్రేట్లన్న పేరు 1948లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పావెల్ పెట్టాడు. ఇవన్నీ దొరికిన ఆతిథేయులు, ఎవరూ గీసి కట్టినవి కావు.

1891లో ఫ్రాన్స్‌లో విలియే పిండిపదార్థాన్ని బాక్టీరియాతో విడగొడుతూ కనుక్కున్న సైక్లోడెక్స్‌ట్రిన్లూ అలాంటివే. ఆరు, ఏడు లేదా ఎనిమిది గ్లూకోజ్ ముక్కలు వలయంగా కూడి, అడుగు లేని గిన్నెలా ఉంటాయి. లోపలి వ్యాసం వరుసగా 5, 6, 8 ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపు, లోతు మూడింటికీ దాదాపు 8. బయటంతా హైడ్రాక్సిల్ గుంపులు కాబట్టి నీటిలో కరుగుతాయి. లోపలి గోడ నీటికి అంతగా నచ్చదు. కరగని మందును కరిగించడానికీ, వాసనలను పట్టడానికీ ఇవి ఇప్పటికీ పరిశ్రమకు ఇష్టమైన ఆతిథేయులు. చవక, తినదగినవి, టన్నుల్లో దొరుకుతాయి. ఈ రంగంలో ఈ మూడు గుణాలూ ఒక్కచోట ఉన్న అణువు అరుదు.

గీసి కట్టడం 1967లో మొదలైందనుకోవచ్చు. డూపాంట్‌లో పనిచేసే చార్లెస్ పెడర్సన్ ఆ ఏడాది క్రౌన్ ఈథర్ల వ్యాసం వెలువరించాడు. ఆక్సిజన్‌లు లోపలికి చూసే వలయం అది. పొటాషియం అయానుకు సరిపడే వలయం సోడియాన్ని అంత గట్టిగా పట్టదు. జాన్ మారీ లెన్ ఆ వలయానికి మూడో చేయి తగిలించి క్రిప్టాండ్ చేశాడు. డొనాల్డ్ క్రామ్ ఇంకో అడుగు వేసి, అయాను రాకముందే ఆక్సిజన్‌లు సరైన భంగిమలో బిగుసుకుని ఉండే స్ఫెరాండ్లు తయారుచేశాడు. ముగ్గురికీ 1987లో నోబెల్ బహుమతి వచ్చింది.

రూపకల్పన ఎలా చేస్తారు

క్రామ్ నేర్పిన సూత్రం ముందస్తు అమరిక. వంగే ఆతిథేయి అతిథి వచ్చాక తనను తాను సర్దుకోవాలి, ఆ సర్దుబాటుకు శక్తి ఖర్చవుతుంది. ముందే బిగుసుకున్న ఆతిథేయికి ఆ ఖర్చు ఉండదు, పైగా దాని లోపలికి ద్రావణి అణువులు దూరి చోటు ఆక్రమించే వీలూ తక్కువ. బిగువుకు వెల కూడా ఉంది. పూర్తిగా బిగుసుకుంటే అతిథి లోపలికి రావడానికే దారి ఉండదు. క్రామ్ 1985లో చేసిన కార్సెరాండ్లలో ఏది చిక్కితే అది అణువు విరిగేదాకా లోపలే ఉంటుంది. తలుపు కాస్త తెరిచిన హెమికార్సెరాండ్లో 1991లో ఆయన బృందం సైక్లోబ్యూటాడయీన్‌ను గది ఉష్ణోగ్రత దగ్గర నిలిపింది. బయట రెండు అణువులు కలిస్తే చాలు, అది మరో పదార్థంగా మారిపోతుంది. గుళికలో ఒక్కటే ఉంది, కలవడానికి రెండోది లేదు.

ఎంత నింపాలన్నది రెండో ప్రశ్న. జూలియస్ రెబెక్ 1993లో హైడ్రోజన్ బంధాలతో తమంతట తామే అతుక్కునే రెండు చిప్పల గుళికను చేశాడు. దాని ఆకారాన్ని బట్టి టెన్నిస్ బంతి అని పేరు పడింది. అలాంటి చాలా గుళికలను పోల్చి చూసి 1998లో మెకోజీ, రెబెక్ ఒక లెక్క చెప్పారు. ద్రావణంలో అతిథి గుళిక ఘనపరిమాణంలో సుమారు 55 శాతం నింపితే బంధం బాగా కుదురుతుంది. ఇంకా కుక్కితే అతిథి కదల్లేక స్వేచ్ఛ పోగొట్టుకుంటుంది, తక్కువైతే గోడలకు ఆనదు. మామూలు ద్రవాల్లో అణువులు ఆక్రమించే చోటు కూడా దాదాపు ఇంతే. బలమైన ఆకర్షణ ఉంటే 70 శాతం దాకా పోవచ్చు. ఎంపిక అనగానే బిగుతు అనుకునేవారికి ఈ సంఖ్య కొంచెం ఆశ్చర్యమే.

పెద్ద గుళికలను ఒక్కో బంధం వేసుకుంటూ కట్టడం చాలా కష్టం. 1990ల నుంచి లోహ అయాన్లు ఆ భారం మోశాయి. పల్లేడియం తన చుట్టూ నాలుగు దిక్కులకు, 90 డిగ్రీల కోణాల్లో బంధాలు పెట్టుకుంటుంది. ఆ కోణాన్ని మూలమట్టంగా వాడి మకోతో ఫుజిటా 1995లో ఆరు పల్లేడియంలు, నాలుగు త్రిభుజాకారపు కర్బన ఫలకలు నీటిలో తమంతట తామే కూడి అష్టముఖి పంజరమయ్యేలా చేశాడు. తప్పుగా కలిసినవి విడిపోయి మళ్లీ కలుస్తాయి, చివరికి అన్నిటికంటే స్థిరమైన ఆకారమే మిగులుతుంది. కెన్నెత్ రేమండ్ బృందం గాలియంతో చతుర్ముఖి పంజరాలు చేసింది.

ఇక్కడ ఒక ఉదాహరణను దగ్గరగా చూడాలి. తెల్ల భాస్వరం గాలి తగిలితే భగ్గుమంటుంది, అందుకే నీటి అడుగున దాస్తారు. కేంబ్రిడ్జ్‌లో జోనాథన్ నిచ్‌కే బృందం 2009లో నాలుగు ఇనుప అయాన్లు, ఆరు కర్బన వారధులతో అల్లిన పంజరంలో నాలుగు భాస్వరాల అణువును పెట్టింది. నెలల తరబడి గాలిలో ఉంచినా అది మండలేదు. ఆక్సిజన్ లోపలికి దూరలేకపోవడం వల్ల కాదు. భాస్వరానికి ఆక్సిజన్ అతుక్కుంటే ఏర్పడే అణువు పంజరంలో పట్టదు, అందుకే ఆ చర్య మొదటి మెట్టే ఎక్కలేదు. బెంజీన్ కలిపితే అది భాస్వరాన్ని తోసి తాను లోపల కూర్చుంటుంది. గోడల బలం కంటే చోటు కొలతే కాపలా కాసిన సందర్భమిది.

నీటిని తోలే కుకుర్బిట్యూరిళ్లు

బేరెండ్ 1905లో గ్లైకోల్యూరిల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేసిన పదార్థం ఏమిటో ముప్పావు శతాబ్దం తేలలేదు. 1981లో మాక్ దాని నిర్మాణం చెప్పాడు. ఆరు ముక్కలు గుమ్మడికాయ తొనల్లా చుట్టూ కూడి, పైనా కిందా ఆక్సిజన్‌లు అంచుకట్టిన బోలు అణువు అది. ఏడు తొనల రకం, అంటే కుకుర్బిట్[7]యూరిల్, నీటిలో ఒక డయామాంటేన్ అయానును పట్టే బలం 2014లో కొలిస్తే, బంధ స్థిరాంకం ఒకటి పక్కన 17 సున్నాల స్థాయికి చేరింది. ప్రకృతిలో అతి గట్టి జతగా పేరున్న అవిడిన్, బయోటిన్‌ల స్థిరాంకం 15 సున్నాల స్థాయి.

ఇంత బలం ఎక్కడిదని వెతికితే సమాధానం నీటిలో దొరికింది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ బోలులో ఏడెనిమిది నీటి అణువులుంటాయి. గోడలు వాటికి హైడ్రోజన్ బంధాలు ఇవ్వవు, తమలో తాము పూర్తిగా అల్లుకోవడానికి చోటూ చాలదు. బయటి నీటిలోకి పోతే వాటికి లాభం. అతిథి లోపలికి రావడమంటే అసంతృప్తిగా ఉన్న ఆ నీటిని విడుదల చేయడం. అతిథి, గోడల మధ్య ఆకర్షణ కథలో సగమే.

ఆపరేషన్ టేబుల్ మీద

అణుగుళిక తయారై మనిషి రక్తంలో పని చేస్తున్న మంచి ఉదాహరణ సుగమాడెక్స్. పెద్ద ఆపరేషన్లలో కండరాలు సడలడానికి రోక్యురోనియం ఇస్తారు. ఆపరేషన్ అయ్యాక రోగి సొంతంగా ఊపిరి తీసుకోవాలంటే దాని ప్రభావం పోవాలి. పాత పద్ధతిలో నియోస్టిగ్మిన్ ఇచ్చి నరాల చివర అసిటైల్‌కోలిన్ పెంచుతారు, అంటే మందు అక్కడే ఉంటుంది, దానికి పోటీ పెరుగుతుంది. గుండె వేగం పడిపోకుండా గ్లైకోపైరోలేట్ కూడా తోడివ్వాలి. ఆర్గనాన్ సంస్థ స్కాట్లాండ్ ప్రయోగశాలలో ఆంటన్ బోమ్, సహచరులు వేరే దారి పట్టారు. మందునే మింగేసే గుళిక ఎందుకు ఉండకూడదు?

రోక్యురోనియం నాలుగు వలయాల స్టెరాయిడ్. ఎనిమిది గ్లూకోజ్‌ల సైక్లోడెక్స్‌ట్రిన్ వెడల్పు దానికి సరిపోతుంది, లోతు చాలదు. గిన్నె అంచు చుట్టూ గంధకం ద్వారా ఎనిమిది చేతులు అతికించి లోతు పెంచారు. ప్రతి చేయి కొసన రుణావేశపు కార్బాక్సిలేట్ ఉంచారు. దాంతో రెండు లాభాలు. రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుని గిన్నె మూతి తెరిచి ఉంచుతాయి, లోపలికి దిగిన రోక్యురోనియం ధనావేశపు నైట్రోజన్‌ను పట్టుకుంటాయి. ఒక గుళికకు ఒక మందు అణువు. ఆ జత మూత్రంలో బయటికి పోతుంది. యూరప్‌లో 2008లో, అమెరికాలో 2015 డిసెంబరులో దీనికి అనుమతి దొరికింది.

దీని ఎంపిక గొప్పదే. వేరే నిర్మాణమున్న అట్రాక్యూరియంను, సక్సినైల్‌కోలిన్‌ను ఇది పట్టదు కాబట్టి అవి వాడిన రోగికి ఉపయోగపడదు. అయినా పూర్తి ఎంపిక అంటూ ఉండదు. గర్భనిరోధక మాత్రల్లోని ప్రొజెస్టోజెన్ కూడా స్టెరాయిడే, కొంత దానికీ చిక్కుతుంది. అందుకే సుగమాడెక్స్ ఇచ్చిన తర్వాత ఏడు రోజులు హార్మోన్లు లేని మరో పద్ధతి కూడా పాటించాలని మందు పత్రంలోనే రాస్తారు. మత్తు డాక్టరు చెప్పాల్సిన మాటల్లో ఇది మరిచిపోకూడనిది.

హైదరాబాద్ పాఠశాల

స్ఫటికంలో అణువులు ఎలా పేరుకుంటాయో ముందే ఊహించి, కావలసినట్టు పేర్చే విద్యను క్రిస్టల్ ఇంజనీరింగ్ అంటారు. దానికి ప్రపంచ ప్రసిద్ధ కేంద్రాల్లో ఒకటి గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం. 1979 నుంచి 2009 దాకా అక్కడ పనిచేసిన గౌతమ్ దేశిరాజు 1989లో ఈ రంగానికి పాఠ్యగ్రంథం అనదగ్గ పుస్తకం రాశారు. 1995లో సూపర్‌మాలిక్యులర్ సింథాన్ భావనను వివరించారు. అణువులు ఒకదాన్నొకటి పట్టుకునే కొన్ని చేతిపట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయని, వాటిని గుర్తుపడితే స్ఫటికాన్ని వెనకనుంచి ముందుకు గీయవచ్చని ఆ ఆలోచన సారాంశం. తర్వాత ఆయన అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర సంఘానికి అధ్యక్షులయ్యారు.

అదే విశ్వవిద్యాలయంలో అశ్వినీ నాంగియా బృందం హాంగ్‌కాంగ్ సహచరులతో కలిసి 2000 ప్రాంతంలో చేసిన పని ఆతిథేయుల కథకు నేరుగా చెందుతుంది. ట్రైయజీన్ వలయం మధ్యలో, మూడు వైపులా మూడు ఫినాక్సీ చేతులు, ప్రతి చేయి కొసన ఒక క్లోరిన్ లేదా బ్రోమిన్. పక్కపక్క అణువుల నుంచి మూడు హాలోజన్‌లు ఒకచోట త్రిభుజంగా కలిస్తే షడ్భుజాల అల్లిక వస్తుంది, షడ్భుజాల మధ్య అతిథులకు దారులు మిగులుతాయి. హైడ్రోజన్ బంధం వంటి బలమైన పట్టు లేకుండా, హాలోజన్‌ల మధ్య బలహీనమైన ఆకర్షణతో నానోరంధ్రాలు తెరవడం అందులోని సొగసు. ఇలాంటి కర్బన ఆతిథేయుల బలహీనత కూడా అక్కడే ఉంది. అతిథిని వేడిచేసి తరిమితే మిగిలిన అణువులు సాధారణంగా దగ్గరకు జరిగి ఖాళీని పూడ్చేస్తాయి. ప్రకృతికి ఖాళీ గిట్టదన్న పాత మాట స్ఫటికాల విషయంలో చాలావరకు నిజం.

ఆ పనిని ప్రకటించిన వ్యాసకర్తల్లో ఒకరైన ప్రవీణ్ తల్లపల్లి హైదరాబాద్‌లో డాక్టరేట్ ముగించి అమెరికాలో మిస్సోరీ విశ్వవిద్యాలయంలోని జెర్రీ ఆట్‌వుడ్ దగ్గరకు వెళ్లారు. ఆట్‌వుడ్, లెన్ బార్బర్ అప్పటికే 2002లో ఒక వింత చూపించారు. కాలిక్సరీన్ అనే గిన్నె అణువుల స్ఫటికంలో దారులు లేవు. అయినా వినైల్ బ్రోమైడ్ దాని లోపలికి చేరింది, స్ఫటికం విరగలేదు. అణువులు పక్కకు తొలగి అతిథికి దారి ఇచ్చి మళ్లీ సర్దుకున్నాయి. తల్లపల్లి 2008లో ఆట్‌వుడ్ తదితరులతో కలిసి, రంధ్రాలు లేని కర్బన స్ఫటికం వాయువు ఒత్తిడికి వ్యాకోచించి రూపం మార్చుకోవడాన్ని నేచర్ మెటీరియల్స్‌లో ప్రకటించారు. రంధ్రమంటే ఎప్పుడూ తెరిచి ఉండే సొరంగమన్న అభిప్రాయాన్ని ఈ పని సడలించింది.

జినాన్, క్రిప్టాన్

తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలలో తల్లపల్లి తీసుకున్న సమస్య జడవాయువులది. వాడిన న్యూక్లియర్ ఇంధనాన్ని కరిగించి శుద్ధి చేసేటప్పుడు జినాన్, క్రిప్టాన్ బయటికొస్తాయి, గాలిలో మిలియన్‌కు కొన్ని వందలు, కొన్ని పదుల వంతుల్లో. రేడియోధార్మిక క్రిప్టాన్-85 అర్ధజీవితం 10.8 ఏళ్లు కాబట్టి దాన్ని నిల్వ చేయాలి. జినాన్ ఐసోటోపులు త్వరగా క్షయమైపోతాయి, మిగిలింది అమ్ముకోదగ్గ ఖరీదైన వాయువు. రెండింటికీ ఆవేశం లేదు, ధ్రువత లేదు, ఆకారం గుండ్రం. పట్టుకోవడానికి ఏ చేతిపట్టూ ఇవ్వని అతిథులు. ప్రస్తుత పద్ధతి గాలిని అతిశీతలం చేసి స్వేదనం చేయడం, అది విద్యుత్తును బాగా తింటుంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఇంధనం తయారుచేస్తుంది గానీ ఈ శుద్ధి జరిగేది తారాపూర్, కల్పాక్కం వంటి చోట్ల.

లివర్‌పూల్‌లో ఆండ్రూ కూపర్ బృందం 2009లో కర్బన పంజరాలతో రంధ్ర పదార్థం చేసింది. నాలుగు ట్రైఫార్మైల్‌బెంజీన్‌లు, ఆరు డయమీన్‌లు కలిసి పన్నెండు ఇమీన్ బంధాలతో ఒక పంజరం. సీసీ3 అనే రకంలో పంజరం కిటికీకి ఎదురుగా పంజరం కిటికీ వచ్చేలా స్ఫటికం పేరుకుంటుంది. ఇందులో లోహం లేదు, అణువులను కలిపే బంధాల అల్లిక లేదు, ద్రావణిలో కరుగుతుంది కూడా. 2014లో కూపర్, తల్లపల్లి తదితరుల పత్రం ప్రకారం సీసీ3 అతి పలచటి గాలి మిశ్రమంలోంచి జినాన్‌ను ఏరుతుంది. స్థిరంగా గీసిన బొమ్మలో కిటికీ జినాన్ కంటే ఇరుకు. పంజరం నిరంతరం ఊగుతుంటుంది, ఆ ఊపులో కిటికీ అప్పుడప్పుడు విప్పారినప్పుడు జినాన్ లోపలికి జారుతుంది. లోపలి బోలు జినాన్ కొలతకు దగ్గర కాబట్టి గోడలన్నీ ఒకేసారి దాన్ని తాకుతాయి. పెద్ద ఎలక్ట్రాన్ మేఘమున్న జినాన్‌కు ఆ వాన్ డర్ వాల్స్ పట్టు క్రిప్టాన్ కంటే బాగా అందుతుంది. 2016లో పసిఫిక్ నార్త్‌వెస్ట్ ప్రయోగశాల నుంచి ఎస్‌బీమాఫ్-1 అనే, కాల్షియం అయాన్లను కర్బన అణువులతో కలిపి అల్లిన చట్రం ఇదే పనికి వచ్చింది. వేలాది చట్రాలను ముందు కంప్యూటర్‌లో జల్లెడ పట్టి దాన్ని ఎంచడం ఆ పనిలో గమనించదగ్గది.

బూడిద నుంచి జియోలైట్

ఇప్పుడు చెల్పూర్ బూడిద. మన బొగ్గులో బూడిద 30 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఎగిరే బూడిదలో సిలికా, అల్యూమినా కలిసి సాధారణంగా ఐదింట నాలుగు వంతులు. జియోలైట్‌కు కావలసినవీ ఇవే. 1756లో స్వీడన్‌కు చెందిన క్రోన్‌స్టెట్ వేడిచేస్తే నురగలు కక్కే ఒక ఖనిజానికి జియోలైట్ అని పేరు పెట్టాడు. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్‌లతో అల్లిన ఈ చట్రంలో దారుల కొలత స్ఫటికమంతటా ఒకటే. ప్రతి అల్యూమినియంకూ ఒక రుణావేశం మిగులుతుంది, దాన్ని సరిపెట్టడానికి సోడియం వంటి అయాను దారిలో కూర్చుంటుంది. ఆ అయానును మారిస్తే తలుపు కొలత మారుతుంది. లిండే-ఏ రకంలో పొటాషియం ఉంటే 3, సోడియం ఉంటే 4, కాల్షియం ఉంటే 5 ఆంగ్‌స్ట్రామ్‌ల దరిదాపు.

పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ నుంచి చివరి నాలుగైదు శాతం నీరు తీయడానికి 3ఏ జల్లెడే వాడతారు. స్వేదనంలో 95.6 శాతం దాటి ఇథనాల్ చిక్కబడదు, నీటి అణువు మాత్రం 3ఏ తలుపులో పడుతుంది, ఇథనాల్ పట్టదు. 2021 కోవిడ్ రెండో ఉధృతిలో జిల్లా ఆసుపత్రుల్లో పెట్టిన ఆక్సిజన్ ప్లాంట్లలో పనిచేసింది కూడా జియోలైటే. తేజస్ యుద్ధవిమానం పైలట్ కోసం అభివృద్ధి చేసిన పద్ధతిని డీఆర్‌డీవో నిమిషానికి 1000 లీటర్ల ప్లాంట్లుగా మలిచింది. అక్కడ జియోలైట్ ఆక్సిజన్‌ను పట్టుకోదు. ఆక్సిజన్ కంటే చతుర్ధ్రువం బలంగా ఉన్న నైట్రోజన్ అయాన్ల దగ్గర ఆగిపోతుంది, ఆక్సిజన్ ముందుకు సాగుతుంది. ఒత్తిడి తగ్గించగానే నైట్రోజన్ వదులుతుంది. గాలిని ముందే ఆరబెట్టకపోతే తేమ ఆ చోట్లన్నీ ఆక్రమించి ప్లాంటును పనికిరాకుండా చేస్తుంది.

బూడిదను సోడియం హైడ్రాక్సైడ్‌తో 100 డిగ్రీల దరిదాపులో ఒకటి రెండు రోజులు వేడిచేస్తే జియోలైట్ వస్తుందని హోలర్, వర్షింగ్ 1985లో చూపించారు. బూడిదలో గాజులా ఉన్న భాగం ముందు కరిగి స్ఫటికమవుతుంది. క్వార్ట్జ్, మ్యులైట్ మొండిగా మిగిలిపోతాయి. ముందు క్షారంతో కలిపి 550 నుంచి 600 డిగ్రీల వద్ద కాల్చి, తర్వాత నీటిలో ఉడికిస్తే వాటిలోనూ కొంత లొంగి దిగుబడి పెరుగుతుంది. వచ్చేది ఒక్క రకం కాదు, పీ1, ఏ, ఎక్స్, సోడలైట్‌ల కలగలుపు. అమ్మోనియా, భారలోహాలున్న వ్యర్థజలాల శుద్ధికి ఇది చాలు. వాయువులను వేరుచేసేంత శుద్ధత కావాలంటే ఖర్చు పెరుగుతుంది. అందుకే బూడిద చాలావరకు ఇటుకలకూ సిమెంటుకూ పోతోంది, అది తెలివితక్కువ నిర్ణయమేమీ కాదు.

లోహ-కర్బన చట్రాలు

రంధ్రాల కొలతను జియోలైట్ కంటే స్వేచ్ఛగా మార్చుకునే వీలు లోహ-కర్బన చట్రాలు ఇచ్చాయి. వీటినే మాఫ్‌లంటారు. లోహ అయాన్లు కూడళ్లు, కర్బన అణువులు వాటిని కలిపే దూలాలు. రిచర్డ్ రాబ్‌సన్ 1989లో ఆలోచన చూపాడు, సుసుము కితగావా 1997లో వాయువు లోపలికీ బయటికీ పోయినా నిలిచే చట్రం చేశాడు, ఒమర్ యాఘీ 1999లో మాఫ్-5 చేశాడు. ముగ్గురికీ 2025 నోబెల్ బహుమతి దక్కింది. ఒక గ్రాము మాఫ్‌లో వేల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుందన్న సంఖ్య పత్రికలకు ఇష్టం. మాఫ్-5ను తేమగాలిలో వదిలితే చట్రం చెడిపోతుందన్నది అంతగా అచ్చుకాదు.

పొగ విషయంలో ఆశ కలిగించింది కాల్గరీ విశ్వవిద్యాలయంలో జార్జ్ షిమిజు బృందం 2021లో ప్రకటించిన కాల్ఫ్-20. జింక్, ట్రైయజోల్, ఆక్సలేట్‌లతో చేసిన చట్రమిది. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే బలంలో దీనిది రికార్డేమీ కాదు. గాలిలో తేమ 40 శాతం దాకా ఉన్నా నీటికంటే కార్బన్ డయాక్సైడ్‌నే ముందు పట్టడం దీని ప్రత్యేకత. రంధ్రం మధ్యలో కార్బన్ డయాక్సైడ్ చుట్టూ గోడలు సమంగా ఆనుతాయి, నీటి అణువులకు గొలుసుకట్టుగా అల్లుకునే తీరు దొరకదు. కెనడాలో ఒక సిమెంటు కర్మాగారంలో రోజుకు ఒక టన్ను స్థాయిలో దీన్ని పరీక్షించారు.

చెల్పూర్ లెక్క వేరే స్థాయిది. యూనిట్ విద్యుత్తుకు సుమారు 0.95 కిలోల చొప్పున, 1100 మెగావాట్లూ రోజంతా పూర్తిగా నడిస్తే 25 వేల టన్నుల కార్బన్ డయాక్సైడ్. కిలో పదార్థం ప్రతి విడతకు 100 గ్రాములు పట్టి వదులుతుందనుకుందాం. విడతకు గంట పడితే పది వేల టన్నులకు పైగా పదార్థం కావాలి. విడత ఒక్క నిమిషంలో ముగిస్తే 175 టన్నులు చాలు. అంటే ఎంత పడుతుందన్న దానికంటే ఎంత త్వరగా వదులుతుందన్నది ఖర్చును నిర్ణయిస్తుంది. గట్టిగా పట్టే గుళిక గట్టిగానే వదలనంటుంది, వదిలించడానికి ఆవిరి కావాలి, ఆ ఆవిరి టర్బైన్‌కు పోవలసింది. కుకుర్బిట్యూరిల్ లాంటి పట్టు ఇక్కడ గుదిబండ.

ఫ్లోరైడ్

నల్లగొండ జిల్లా తాగునీటి ఫ్లోరైడ్ సమస్యకు ఇలాంటి గుళిక ఎందుకు చేయలేదని అడగడం సహజం. రుణ అయాన్లను బోలు అణువుల్లో బంధించడం 1968లోనే మొదలైంది. డూపాంట్‌లో పార్క్, సిమన్స్ క్లోరైడ్‌ను రెండు నైట్రోజన్ కొసల పంజరంలో పట్టారు. ఫ్లోరైడ్‌ను పట్టే అజాక్రిప్టాండ్లు కూడా వచ్చాయి. అవి పనిచేయాలంటే నైట్రోజన్‌లకు ప్రోటాన్‌లు ఎక్కాలి, అంటే నీరు ఆమ్లంగా ఉండాలి. బోరు నీరు అలా ఉండదు. అసలు అడ్డంకి ఫ్లోరైడ్ నీటిని పట్టుకునే తీరు. చిన్న అయాను కావడంతో నీటి అణువులు దాని చుట్టూ చాలా గట్టిగా చేరతాయి. ఆ తొడుగు విప్పడానికి మోలుకు దాదాపు 465 కిలోజౌళ్లు కావాలి, క్లోరైడ్‌కైతే 340 చాలు. పైగా తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటడమే ప్రమాదం, దాని పక్కనే బైకార్బనేట్ వందల మిల్లీగ్రాముల్లో ఉంటుంది.

అందుకే జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) రూపొందించిన నల్లగొండ పద్ధతి అణువును గుర్తుపట్టే ప్రయత్నమే చేయదు. పటిక, సున్నం వేస్తే ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టు ఫ్లోరైడ్‌ను కొంత లాక్కుని అడుగుకు దిగుతుంది. పటిక మోతాదు నీటి క్షారతను బట్టి మార్చాలి, మిగిలే బురదను ఎక్కడ పారేయాలన్నది వేరే తలనొప్పి. జిల్లా గ్రామాల్లో ఎక్కువ చోట్ల చివరికి జరిగింది నీటిని శుద్ధి చేయడం కాదు, నీటినే మార్చడం. ఇప్పుడు రాష్ట్ర తాగునీటి పథకం మిషన్ భగీరథ గొట్టాల్లో వచ్చేది కృష్ణా నీరు.